డల్లాస్‌లో 4, 5, 8, 11: అసలు ఏ ఛానల్ ఎవరిది?

బూస్టర్ బాబాయి (ఊరు తెనాలి, ప్రస్తుతం ఇర్వింగ్)

అందరికీ నమస్కారం. నేను తెనాలిలో ఇరవై మూడేళ్లు కేబుల్ నడిపినవాణ్ణి. 1993లో పన్నెండు అడుగుల డిష్, రెండు రిసీవర్లు, అప్పు చేసి కొన్న మాడ్యులేటర్లతో మొదలుపెట్టాను. స్తంభాలు ఎక్కాను, కోతులు తెంపిన వైర్లు అతికాను, నెల వసూలుకు వెళ్లి తలుపు తడితే "ఆయన ఊళ్లో లేరండి" అని ఆయన గొంతుతోనే చెప్పించుకున్నాను. సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి అయ్యాక లైన్లన్నీ ఒక పెద్ద కంపెనీకి అప్పగించి చేతులు దులుపుకున్నాను. ఇప్పుడు ఆరు నెలల కోసం అమెరికాలో, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పనిలేని మనిషిని కనుక టీవీ మీద పడ్డాను. పడ్డాక నాకున్న జ్ఞానం ఇక్కడ చెల్లలేదు.

మన దగ్గర ఛానల్ అంటే ఆకాశంలో ఉండేది. జెమిని వచ్చినా, ఈటీవీ వచ్చినా 1995లో నేను చేసింది ఒకటే. డిష్ తిప్పడం, బొమ్మ దించుకోవడం. తెనాలిలో నేను దించిన బొమ్మా, తిరుపతిలో ఇంకొకరు దించిన బొమ్మా ఒకటే. ఇక్కడ అలా లేదు. మా అల్లుడు 'ఛానల్ 8' అంటాడు. తెర మూలన 'ఏబీసీ' అని ఉంటుంది. దాని పక్కన డబ్ల్యూఎఫ్ఏఏ అని ఇంకో నాలుగు అక్షరాలు. ఒక మనిషికి ఇంటిపేరు, పెట్టిన పేరు, ముద్దుపేరు ఉన్నట్టు. వీటిలో అసలు పేరు ఏది?

ఇంకొకటి. పోయిన వారం అల్లుడు డబ్బు కట్టే యాప్‌లో ఒక పెద్ద ఛానల్ మాయమైంది. బొమ్మకు బదులు ఒక ప్రకటన: ఫలానావాళ్లతో ఒప్పందం కుదరలేదు, చింతిస్తున్నాము అని. మన దగ్గర కూడా పే ఛానళ్లతో ఇలాంటి తగాదాలు నేను ఎన్ని పడలేదు! కాని జెఫర్సన్ పార్కులో గాంధీగారి విగ్రహం దగ్గరకు నడకకు వచ్చే ఒక పెద్దమనిషి ఏమన్నారంటే, "బాబాయిగారూ, ఆ ఛానల్ గాలిలో ఉచితంగానే వస్తోందండీ, ఒక యాంటెన్నా పెట్టుకోండి." ఉచితంగా వచ్చేదాని మీద డబ్బు గొడవ ఏమిటి? ఆయనే ఇంకో మాట కూడా అన్నారు. ఇప్పుడు ఫాక్స్ అని పిలుస్తున్న 4వ నంబరు ఒకప్పుడు సీబీఎస్ అట. అక్కడ నా బుర్ర ఆగిపోయింది. ఈటీవీ రేపటి నుంచి జెమిని అయితే జనం ఊరుకుంటారా? తెలిసినవారు విడమరిచి చెప్పగలరు. టెక్నికల్ మాటలు వాడినా పరవాలేదు, నేను భయపడను.

ప్లేనో పాతకాపు

బాబాయిగారూ, మీ ప్రశ్నకు నా కన్నా తగినవాడు ఈ చర్చావేదికలో లేడని గర్వంగా చెప్పుకుంటాను. ఉద్యోగంలో మొదటి ఆరేళ్లు ఒక టీవీ స్టేషన్‌లో, మాస్టర్ కంట్రోల్‌లో, అంటే ప్రసారాన్ని నడిపే గదిలో, రాత్రి షిఫ్టు చేశాను. ఆ తరువాత అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి దూకాను.

అసలు పేరు ఆ నాలుగు అక్షరాలదే. డబ్ల్యూఎఫ్ఏఏ అనేది ప్రభుత్వ లైసెన్సు మీద ఉండే పేరు. 8 అనేది అది ప్రసారం చేసుకునే చోటు. ఏబీసీ అనేది నెట్‌వర్క్, అంటే అది సరుకు తెచ్చుకునే టోకు దుకాణం. ఆ దుకాణంతో ఉన్న ఒప్పందాన్నే ఇక్కడ అఫిలియేషన్ అంటారు. ఒప్పందం కనుక గడువు ఉంటుంది, గడువు తీరాక మారవచ్చు కూడా. దేశాన్ని ప్రేక్షకుల లెక్కలు తీసే నీల్సన్ సంస్థ 210 మార్కెట్లుగా కోసి పెట్టింది. ప్రతి ముక్కలో ఒక్కో నెట్‌వర్క్‌కు సాధారణంగా ఒక స్టేషన్. మన డల్లాస్–ఫోర్ట్ వర్త్ ముక్క దేశంలోని మొదటి అయిదింటిలో ఉంటుంది.

మీకు దూరదర్శన్‌తో పోలిక చెబితే తేలిగ్గా పట్టుకుంటారు. ఎనభైలలో సాయంత్రం హైదరాబాద్ కేంద్రం తెలుగు కార్యక్రమాలు వచ్చేవి, తరువాత ఢిల్లీ జాతీయ కార్యక్రమం అందుకునేది. ఇక్కడా అంతే. ఉదయం షో, సాయంత్రం జాతీయ వార్తలు, రాత్రి 7 నుంచి 10 దాకా సీరియళ్లు, ఆటలు నెట్‌వర్క్‌వి. మధ్యలో స్థానిక వార్తలు, వాతావరణం స్టేషన్‌వి. తేడా ఎక్కడంటే, హైదరాబాద్ కేంద్రం ఢిల్లీకి సొంత మనిషి. డల్లాస్‌లో 4, 5, 11 కూడా ఇప్పుడు అలాంటివే. ఫాక్స్, ఎన్‌బీసీ, సీబీఎస్ వాటిని కొనేసుకున్నాయి. 8 అలా కాదు. అది ఏబీసీకి ఒప్పందపు మనిషి. చాలా ఏళ్లు బెలో కంపెనీది, 2013 చివర గానెట్ కొన్నది, 2015లో ఆ కంపెనీ రెండుగా చీలితే టెగ్నా వాటాకు వచ్చింది. ఇన్నిసార్లు యజమాని మారినా ఏబీసీ బొమ్మ మాత్రం కదలలేదు. 4వ నంబరు కథ దీనికి సరిగ్గా తలకిందులు.

ఆ కథ నా కళ్ల ముందు జరిగింది కనుక కాస్త సాగదీస్తాను, ఏమీ అనుకోకండి.

నేను 1994 ఆగస్టులో ఆర్లింగ్టన్‌లో చదువుకు దిగాను. నలుగురం ఒక అపార్టుమెంటు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన పాత టీవీ పదిహేను డాలర్లకు తెచ్చాం. దానికి రెండు కొమ్ముల యాంటెన్నా. 4, 5, 8, 11 అద్దంలా వచ్చేవి. 33 మాత్రం మంచు కురుస్తున్నట్టు వచ్చేది. ఎందుకో మీకు చెప్పనక్కర లేదు: 2 నుంచి 13 దాకా వీహెచ్‌ఎఫ్ (పొడుగు తరంగాలు), 14 నుంచి యూహెచ్‌ఎఫ్ (పొట్టి తరంగాలు). ఆ 33, అంటే కేడీఏఎఫ్, అప్పటి ఫాక్స్. మా అపార్టుమెంటు మేనేజరు ఒక ముసలాయన. డల్లాస్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ అంటే ఆయనకు ప్రాణం. మేము అద్దె కట్టడానికి వెళ్తే ఆ శరదృతువంతా తిట్లే: "ముప్పై ఏళ్లుగా 4లో చూస్తున్నాను, ఇప్పుడు ఈ 33 ఎక్కడ దాపురించింది!"

జరిగింది ఇది. 1993 డిసెంబరులో ఫాక్స్ నాలుగేళ్లకు 158 కోట్ల డాలర్లు పెట్టి, కౌబాయ్స్ ఆడే ఎన్‌ఎఫ్‌సీ విభాగం ఫుట్‌బాల్ హక్కులను సీబీఎస్ చేతిలోంచి లాగేసింది. సీబీఎస్ 1956 నుంచి చూపిస్తున్న ఆట అది. ఆట చేతికొచ్చింది కాని చాలా నగరాల్లో ఫాక్స్ స్టేషన్లు యూహెచ్‌ఎఫ్ మూలల్లో పడి ఉన్నాయి. పట్టుచీర కొన్నారు, కట్టుకుని వెళ్లడానికి మంచి పందిరి లేదు. అందుకని 1994 మేలో న్యూ వరల్డ్ అనే కంపెనీలో 50 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టారు. ప్రతిఫలంగా ఆ కంపెనీ తన చేతిలో ఉన్నవీ, కొనబోతున్నవీ కలిపి పన్నెండు స్టేషన్లను ఫాక్స్ వైపు తిప్పింది. ఆ పన్నెండులో మన 4, కేడీఎఫ్‌డబ్ల్యూ, ఒకటి. 1949లో పుట్టినప్పటి నుంచీ అది సీబీఎస్‌దే.

సీబీఎస్‌కు డల్లాస్‌లో ఇల్లు పోయింది. వెతుక్కుంటే 11, కేటీవీటీ, దొరికింది. అది అప్పటిదాకా ఏ నెట్‌వర్కూ లేని స్వతంత్ర స్టేషన్, పాత సినిమాలు, బేస్‌బాల్ వేసుకుంటూ బతికేది. 1995 జులై మొదట్లో ఒకేసారి అందరూ ఇళ్లు మారారు. సీబీఎస్ 4 నుంచి 11కు, ఫాక్స్ 33 నుంచి 4కు. 33 కొత్తగా పుట్టిన డబ్ల్యూబీ నెట్‌వర్క్‌కు వెళ్లింది. అంటే కౌబాయ్స్ ఆట 1993లో 4లో, 1994లో 33లో, 1995లో మళ్లీ 4లో. మా మేనేజరు "చూశావా, నా మాట విన్నారు" అన్నాడు. తాను తిట్టడం వల్లే వెనక్కి తెచ్చారని ఆయన నమ్మకం.

4 చదివే వార్తలు అలాగే ఉన్నాయి, చదివేవాళ్లలో చాలామంది పాతవాళ్లే. మారింది టోకు దుకాణం. దానివల్ల చిన్న తమాషా కూడా జరిగింది. ఫాక్స్ రాత్రి రెండు గంటల కార్యక్రమాలే ఇస్తుంది. కనుక 4లో 9 గంటలకే స్థానిక వార్తలు మొదలవుతాయి. మిగతావాళ్లు 10 దాకా ఆగాలి. త్వరగా పడుకునేవాళ్ల ఛానల్ అని మా ఇంట్లో పేరు.

డబ్బు గొడవ సంగతి ఇంకొకరు చెబుతారేమో చూస్తాను, నా వేళ్లు నొప్పిపుట్టాయి.

ఫ్రిస్కో కోడలు

పాతకాపుగారి పురాణం బాగుంది కాని బాబాయిగారికి కావలసింది ముందు యాంటెన్నా. అది నేను చెబుతాను, ఎందుకంటే రెండు కొని ఒకటి వెనక్కిచ్చిన అనుభవం నాది.

పెద్ద ఛానళ్ల టవర్లన్నీ సీడర్ హిల్ గుట్టల మీద ఉన్నాయి. మీ ఇర్వింగ్‌కు అది దక్షిణాన పాతిక ముప్పై కిలోమీటర్లే. మాకు అరవై దాటుతుంది. కనుక దక్షిణం వైపు కిటికీ చూసుకోండి. వాస్తు మాట కాదు, సిగ్నల్ మాట. దుకాణాల్లో కాగితంలా పలుచగా ఉండే యాంటెన్నా దొరుకుతుంది, కిటికీ అద్దానికి అంటించేది. దానితో చాలావరకు వచ్చేస్తాయి. టీవీలో ఛానల్ స్కాన్ చేయడం మరిచిపోకండి. 8.1, 8.2 అని చుక్కలతో కనిపిస్తాయి. చుక్క తరువాతవి అదే స్టేషన్‌వారి అదనపు ఛానళ్లు, ఎక్కువగా పాత సీరియళ్లు. మా అత్తగారికి భాష తెలియకపోయినా పాత కౌబాయ్ సినిమాలు మధ్యాహ్నమంతా చూస్తారు. గుర్రాలకు భాష అక్కర లేదంటారు.

ఒక చిక్కు ఉంది. 2009 జూన్ 12న పాత అనలాగ్ ప్రసారాలు ఆపేసి డిజిటల్‌కు మారినప్పుడు చాలా స్టేషన్లు పేరుకు పాత నంబరు ఉంచుకుని, లోపల యూహెచ్‌ఎఫ్‌కు వెళ్లిపోయాయి. 8 మాత్రం నిజంగానే 8లో, వీహెచ్‌ఎఫ్‌లో ఉండిపోయింది. ఆ పలుచటి యాంటెన్నాలు దాన్ని సరిగా పట్టవు. అన్నీ వచ్చి 8 ఒక్కటి గళ్లు గళ్లుగా వస్తే మీ తప్పు కాదు.

"ఎవరు చూస్తారండీ ఈ రోజుల్లో ఇవి" అని నేనూ అనేదాన్ని. 2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి మనసు మార్చుకున్నాను. ఉత్తర డల్లాస్ మీద సుడిగాలి పడిన రాత్రి అది. అప్పుడు మేము రిచర్డ్‌సన్‌లో ఉండేవాళ్లం. ఇంటర్నెట్ పోయింది. ఫోనులో హెచ్చరిక మోగుతోంది కాని అది ఎటు వస్తోందో తెలియదు. అప్పటికి కరెంటు ఇంకా ఉంది. యాంటెన్నా మీద ఒక వాతావరణ ఉద్యోగి కోటు విప్పేసి, చొక్కా చేతులు మడిచి, ఏ వీధి దాటిందో, ఏ కూడలి వైపు వెళ్తోందో పేరు పేరునా చెబుతున్నాడు. న్యూయార్క్‌లో కూర్చున్నవాడు మా వీధి పేరు పలకగలడా? పిల్లవాణ్ణి ఎత్తుకుని బాత్‌టబ్‌లో కూర్చుని ఆ గొంతే విన్నాం.

బూస్టర్ బాబాయి

ఇద్దరికీ వేయి నమస్కారాలు. అమ్మా, మీ సుడిగాలి మాట చదివి మా ఆవిడకు వినిపించాను. ఇప్పుడు ఆవిడ రోజూ బాత్‌టబ్ శుభ్రంగా ఉందో లేదో చూస్తోంది.

నాకు అర్థమైనది నా భాషలో చెబుతాను, తప్పైతే దిద్దండి. స్టేషన్ అంటే సినిమా హాలు. నెట్‌వర్క్ అంటే డిస్ట్రిబ్యూటరు. హాలు పేరు హాలుదే, ఆడే బొమ్మ మాత్రం డిస్ట్రిబ్యూటరుది. ఈ ఊళ్లో 4వ నంబరు హాలుకు 1995లో డిస్ట్రిబ్యూటరు మారాడు. తరువాత ఆ డిస్ట్రిబ్యూటరే హాలు కొనుక్కున్నాడు. అంతేనా?

నాకు మా సిటీ కేబుల్ ఛానల్ గుర్తుకొచ్చింది. వీసీఆర్‌లో మధ్యాహ్నం సినిమా, కింద పెళ్లిరోజు శుభాకాంక్షల స్క్రోలింగ్, రాత్రి ఏడున్నరకు పది నిమిషాల ఊరి వార్తలు. ట్యూషన్ చెప్పే ఒకమ్మాయి చదివేది. గంగానమ్మ జాతర, మున్సిపాలిటీ నీళ్లు రాని వీధులు, పోయిన గేదె. శాటిలైట్ ఛానళ్లు ఎన్ని పెట్టినా జనం అడిగింది "నీళ్ల సంగతి చెప్పారా?" అనే. ఆ పది నిమిషాలు ఆపేసిన నెలలో నాకు పడినన్ని తిట్లు పే ఛానల్ తీసేసినప్పుడు కూడా పడలేదు. అది వ్యాపారం అవుతుందని నాకు తట్టలేదు. ఇక్కడివాళ్లకు 1949లోనే తట్టింది.

కాని డబ్బు గొడవ ఇంకా మిగిలే ఉంది. పాతకాపుగారి వేళ్లు కుదుటపడ్డాయా?

ప్లేనో పాతకాపు

పడ్డాయి. హాలు పోలిక ముప్పావు వంతు సరిపోతుంది. మిగతా పావు: హాల్లో టికెట్టు వసూలును పంచుకుంటారు. ఇక్కడ టికెట్టు లేదు, ప్రకటనల సమయాన్ని పంచుకుంటారు. నెట్‌వర్క్ కార్యక్రమం మధ్య కొన్ని ఖాళీలు స్టేషన్‌కు వదులుతారు. కార్ల దుకాణం, పరుపుల కొట్టు, ప్రమాదమైతే మాకు ఫోను చేయండనే లాయరు, అవన్నీ ఆ ఖాళీలో వచ్చేవి. నేను రాత్రి షిఫ్టులో ఆ ఖాళీలు నింపేవాణ్ణి. ఒకసారి రెండు సెకన్లు నల్ల తెర వదిలినందుకు తెల్లారేదాకా నివేదిక రాశాను.

పాత రోజుల్లో బొమ్మ వేసినందుకు నెట్‌వర్కే స్టేషన్‌కు డబ్బిచ్చేది. ఇప్పుడు నది వెనక్కి పారుతోంది. స్టేషనే నెట్‌వర్క్‌కు కడుతుంది. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నదే మీ అల్లుడి యాప్ కథ. 1992 చట్టం ప్రకారం ప్రతి మూడేళ్లకు స్టేషన్ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. "నన్ను మీ కేబుల్‌లో తప్పక వేయండి, డబ్బు అడగను" అనాలి, లేదా "వేయాలంటే నాతో బేరమాడి డబ్బు కట్టండి, లేకపోతే తీసేయండి" అనాలి. జనం చూసే స్టేషన్లు రెండోదే అంటాయి. గాలిలో ఉచితం మీకు, మీ పైకప్పు మీది యాంటెన్నాకు. అదే బొమ్మను పట్టి డబ్బుకు అమ్ముకునేవాడికి ఉచితం కాదు. యాప్‌లవాళ్లకు నిబంధనలు కాస్త వేరే కాని, చివరికి ఇదే బేరం. కుదరని రోజు మీరు చూసిన ప్రకటన వస్తుంది. పెద్ద ఆటకు ముందు వారంలోనే ఇవి ఎక్కువగా తెగుతాయి. ఎందుకో మీరే ఊహించగలరు.

మీరు పంపిణీ వైపు నిలబడి పే ఛానళ్లను తిట్టినవారు కనుక సహజంగా యాప్ పక్షం వహిస్తారు. నేను స్టేషన్ ఉప్పు తిన్నవాణ్ణి. అయినా ఒక మాట ఒప్పుకుంటాను. బిల్లు పెరగడం మాత్రం ఇద్దరికీ సమ్మతమే.

ఇంకొక ముచ్చట. అధ్యక్షుడు కెనెడీని కాల్చిన చోటు, డీలీ ప్లాజా, మీరు చూసి ఉంటారు, వచ్చిన చుట్టాలందరినీ అక్కడికి తీసుకెళ్లడం మనవాళ్ల ఆచారం. 1963 నవంబరు 22న కెనెడీ చనిపోయారని అధికారికంగా చెప్పకముందే సీబీఎస్‌లో చెప్పింది న్యూయార్క్ మనిషి కాదు. అప్పటి సీబీఎస్ స్టేషన్ అయిన ఇదే 4 వార్తల డైరెక్టరు ఎడ్డీ బార్కర్. తెలిసిన డాక్టరు చెవిలో చెబితే నమ్మి చెప్పేశారు. ఆ సంఘటనను ఇంటి కెమెరాతో చిత్రించిన జప్రూడర్ అదే మధ్యాహ్నం వచ్చి కూర్చుని మాట్లాడింది 8 స్టూడియోలో. ఊరి డాక్టరును ఎరిగినవాడు ఊళ్లోనే ఉంటాడు కదా.

బూస్టర్ బాబాయి

చివరి నివేదిక. పలుచటి యాంటెన్నా తెచ్చి దక్షిణపు కిటికీకి అంటించాం. 4, 5, 11 వచ్చాయి. ఫ్రిస్కో అమ్మాయి చెప్పినట్టే 8 గళ్లు గళ్లు.

నాకు రోషం వచ్చింది. కొండపల్లి టవరు వైపు తిప్పి వందల యాంటెన్నాలు కట్టినవాణ్ణి, ఒక్క 8 పట్టలేనా? 8వ ఛానల్ అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్, మధ్య 183. తరంగం పొడుగు నూట అరవై నాలుగు సెంటీమీటర్లు, సగం ఎనభై రెండు, లోహానికి కాస్త తగ్గిస్తే డెబ్బై ఎనిమిది. హార్డ్‌వేర్ దుకాణంలో రెండు అల్యూమినియం కడ్డీలు, వాటిని కేబుల్ వైరుకు కలిపే ఒక బాలన్ తెచ్చాను. డాబా లేదు కనుక పెరటి కంచెకు కట్టాను. కడ్డీలను అడ్డంగా, వెడల్పు దక్షిణానికి ఎదురుగా పెట్టి, వైరు కిటికీలోంచి లోపలికి లాగాను. మా అమ్మాయి "నాన్నా, కాలనీ సంఘంవాళ్లు ఉత్తరం పంపుతారు" అని గోల. రెండు రోజులు బట్టలు ఆరేసే తీగ అని చెప్పమన్నాను.

8 వచ్చింది, అద్దంలా. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా నిలబడి అయిదు నిమిషాలు వాతావరణం చూశాడు. తరువాత పక్కింటి ఆయన్ను పిలుచుకొచ్చాడు. ఆ పక్కింటాయన తనకూ ఒకటి కట్టిపెట్టమంటున్నాడు. నెలవారీ ఎంత అడగాలో తెలియక ఆలోచిస్తున్నాను.